ఫ్లెమెంకో గిటార్: పక్కవాద్యం తెచ్చిన నాదం

ఫ్లెమెంకో గిటార్ పుట్టుకతో పక్కవాద్యం. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో, ముఖ్యంగా సెవిల్, హెరెజ్, కాడిజ్ ప్రాంతాల్లో, హిటానోలుగా పిలిచే రోమా కుటుంబాల ఇళ్లలోనూ ఊరి వేడుకల్లోనూ పెరిగిన పాటకు అది తోడు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆ పాట ‘కఫే కాంతాంతె’ అనే సంగీత కాఫీ హోటళ్ల వేదిక ఎక్కింది. అక్కడ గిటార్ వాయించేవాడికి ఒక పక్కన గొంతు చించుకుని పాడే గాయకుడు, ఎదురుగా మేకులు దిగ్గొట్టిన బూట్లతో చెక్క వేదికను అదరగొట్టే నర్తకి, చుట్టూ తాళం వేసే చప్పట్లు. మైకు లేదు. చేతిలో ఉన్నది పేగు తీగల వాద్యం. ఇంత హోరులో అది వినపడాలి, పైగా తాళం చెక్కుచెదరకూడదు. ఈ గిటార్ కలప, బరువు, తీగల ఎత్తు, మీటే తీరు, శ్రుతి చేసే పద్ధతి అన్నీ ఆ కొలువు పెట్టిన షరతుల నుంచే వచ్చాయి.

పైపైన చూస్తే ఇది శాస్త్రీయ సంగీతం వాయించే స్పానిష్ గిటార్ లాగే ఉంటుంది. ఇద్దరి తాతా ఒకరే మరి. అల్మెరియా దగ్గర 1817లో పుట్టి, వడ్రంగం నేర్చి, సెవిల్‌లో గిటార్లు చేసిన ఆంటోనియో దె టోర్రెస్ నేటి గిటార్‌కు రూపం ఇచ్చాడు. పెట్టెను పెద్దది చేశాడు. మోగే తీగ పొడవును 650 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపరిచాడు. పై పలకను పల్చగా చేసి, అది తీగల లాగుడుకు వంగిపోకుండా లోపలి వైపు విసనకర్ర ఈనెల్లా ఏడు సన్నని పుల్లలు అంటించాడు. గిటార్ నాదానికి పై పలకే ప్రాణమని అతని నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి 1862లో వెనుక భాగాన్నీ పక్కల్నీ కాగితపు అట్టతో చేసి, పై పలక మాత్రం మంచి కలపతో ఒక గిటార్ చేశాడు. అది ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

టోర్రెస్ రోజుల్లో ‘ఫ్లెమెంకో గిటార్’ అని వేరే సరుకు లేదు. ఖరీదైన గిటార్లకు బ్రెజిల్ నుంచి వచ్చే రోజ్‌వుడ్ వాడేవారు, చవక గిటార్లకు స్పెయిన్‌లోనే పెరిగే సైప్రస్ వాడేవారు. ఫ్లెమెంకో వాద్యకారులు ఎక్కువగా బీదవాళ్లు కనుక సైప్రస్ గిటార్లే వాళ్ల చేతికి వచ్చాయి. లేమి వల్ల దొరికిన కలపే వాళ్ల పనికి సరిగ్గా అతికింది. ఎందుకు అతికిందో తెలియాలంటే తీగకు ఇచ్చిన శక్తి ఎటు పోతుందో చూడాలి.

వేలు తీగను లాగి వదిలినప్పుడు అందులోకి కొద్దిపాటి శక్తి చేరుతుంది. సన్నని తీగ తనంత తాను గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనం తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) మీదుగా పై పలకకు చేరి, పలక గాలిని కదిలిస్తేనే మనకు వినపడుతుంది. తీగలో ఉన్న శక్తి ఒక నిర్ణీత మొత్తం. పలక దాన్ని గబగబా లాగేసుకుంటే ధ్వని పెద్దగా పుట్టి త్వరగా ఆరిపోతుంది. నిదానంగా తీసుకుంటే చిన్నగా పుట్టి చాలాసేపు నిలుస్తుంది. రెండూ కావాలంటే కుదరదు. శాస్త్రీయ గిటార్ తయారీదారు స్వరం నిలవాలని చూస్తాడు. ఫ్లెమెంకో తయారీదారు స్వరం చటుక్కున పుట్టాలని, తర్వాతి దెబ్బకు దారి ఇచ్చి తప్పుకోవాలని చూస్తాడు. వేగంగా సాగే తాళంలో ఒక దెబ్బ మీద మరో దెబ్బ నాదం పేరుకుపోతే నర్తకి పాదాలకు ఆధారం దొరకదు.

అందుకే ఫ్లెమెంకో గిటార్‌లో స్ప్రూస్ కలపతో చేసిన పై పలక చాలా పల్చగా, చాలా భాగాల్లో 2 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. సైప్రస్ ఘనమీటరుకు సుమారు 500 కిలోలు తూగితే రోజ్‌వుడ్ 800 కిలోలు దాటుతుంది. సైప్రస్ పెట్టె తేలిక కావడంతో మొత్తం గిటార్ ఒకటింబావు కిలో దగ్గరే ఉంటుంది, పెట్టె లోతు కూడా కాస్త తక్కువ. తేలికైన పెట్టె వెంటనే స్పందిస్తుంది. లోపలి గాలికి కూడా సొంత కంపనం ఉంటుంది. మామూలు గిటార్లలో అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర పడి మంద్ర స్వరాలకు బలం ఇస్తుంది. పై పలక సొంత కంపనం దాదాపు ఒక స్థాయి పైన ఉంటుంది. పలక మందం, పుల్లల బిగువు, పెట్టె లోతు మార్చి ఈ రెండింటినీ సరిచూసుకోవడమే తయారీదారు విద్య. టోర్రెస్ అట్ట గిటార్ చెప్పినట్టు అసలు పని పై పలకదే. వెనుక కలప దాని మీద వేసే ముద్ర రెండో మెట్టు మాత్రమే. సైప్రస్ అయితే చాలు ఫ్లెమెంకో నాదం వచ్చేస్తుందని అమ్మకందార్లు చెప్పే మాటలో సగమే నిజం.

తీగల ఎత్తు ఇంకా ముఖ్యం. శాస్త్రీయ గిటార్‌లో పన్నెండో మెట్టు దగ్గర ఆరో తీగ మెట్టుకు సుమారు 4 మిల్లీమీటర్ల పైన ఉంటే, ఫ్లెమెంకో గిటార్‌లో 3 మిల్లీమీటర్లు లేదా ఇంకా తక్కువ. గుర్రం దగ్గర కూడా తీగలు పలకకు బాగా దగ్గరగా, సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. దీనివల్ల ఎడమచేతికి శ్రమ తగ్గుతుంది, కుడిచేతి వేళ్లు పలకను తట్టడానికి అందుబాటులో ఉంటాయి. గట్టిగా మీటినప్పుడు ఊగే తీగ మెట్లకు క్షణకాలం రాసుకుని ఒక గరగర వస్తుంది. ఆ రాపిడిలో మూల స్వరంతో పాటు మోగే పై అనుస్వరాలు ఎక్కువగా పుడతాయి కనుక నాదానికి పదును వస్తుంది. శాస్త్రీయ వాద్యకారుడు దాన్ని లోపమని గిటార్ వెనక్కి ఇచ్చేస్తాడు. ఫ్లెమెంకో వాద్యకారుడు అదే కావాలని అడిగి చేయించుకుంటాడు. అయితే ఆ గరగర గట్టి దెబ్బకే రావాలి, మెల్లగా మీటితే స్వరం శుభ్రంగా పలకాలి. ఈ హద్దు గీయడానికి తయారీదారు మెట్లను, మెడ వాలును మిల్లీమీటరులో చిన్న భాగాల దాకా సవరిస్తాడు. తీగ తక్కువ ఎత్తులో ఉండటం వల్ల మరో లాభం కూడా ఉంది. మెట్టు మీద నొక్కినప్పుడు తీగ కొద్దిగా సాగి శ్రుతి పైకి పోతుంది. ఎత్తు తగ్గితే ఆ సాగుడూ తగ్గుతుంది.

పై పలకకు తీగల కింద పల్చని ప్లాస్టిక్ పలక అతికిస్తారు. దాన్ని గోల్పెయాదోర్ అంటారు. ఉంగరం వేలితో, గోటితో కొట్టే తాళపు దెబ్బ, అంటే గోల్పె, మెత్తని స్ప్రూస్‌ను తినేయకుండా అది కాపాడుతుంది. పాతకాలపు గిటార్లకు వీణ బిరడాల మాదిరే కర్ర బిరడాలు ఉండేవి. తిప్పుతూనే లోపలికి నొక్కాలి, లేకపోతే జారిపోతాయి. ఇప్పుడు చాలామంది ఇనుప మరలకు మారారు. తల బరువు పెరగదని కర్ర బిరడాలే వాడేవారు ఇంకా ఉన్నారు.

ఈ వాద్యానికి ప్రత్యేకమైన రూపు తేలింది మాడ్రిడ్‌లో. మాన్యుయెల్ రమీరెజ్ కార్ఖానాలో పనిచేసిన సాంటోస్ ఎర్నాండెస్, డొమింగో ఎస్టెసో 1916లో యజమాని మరణించాక కొంతకాలానికి సొంత దుకాణాలు పెట్టారు. ఫ్లెమెంకో గిటార్ ఎలా మోగాలో తేల్చినవాళ్లలో సాంటోస్‌దే మొదటి పేరు. ఎస్టెసో మేనల్లుళ్లు కోండే ఎర్మానోస్ పేరుతో పని కొనసాగించారు. తర్వాతి కాలపు వాద్యకారుడు పాకో దె లూసియా చేతిలో లోకం చూసినవి వాళ్ల గిటార్లే.

ఎంత మంచి గిటార్ అయినా నాదంలో పెద్ద పాలు కుడిచేతిదే. రాస్గేయాడోలో వేళ్లు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటూ గోటి వెనుక వైపుతో తీగలన్నింటినీ రాస్తాయి. అల్సాపువాలో బొటనవేలు ఒక్కటే తీగలను కిందికీ పైకీ కోస్తుంది. పికాడోలో చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటుతాయి, ప్రతి మీటు చివర వేలు పక్క తీగ మీద ఆగుతుంది. ఇలా ఆగే మీటులో భౌతికశాస్త్రం ఉంది. వేలు తీగను పలక వైపు నొక్కి వదులుతుంది కనుక తీగ పలకకు నిలువుగా ఊగుతుంది. ఆ దిశలో ఊగే తీగ గుర్రాన్ని, పలకను బాగా కదిలిస్తుంది. పలకకు సమాంతరంగా ఊగితే అంత కదిలించలేదు. పికాడోలోని తుపాకీ గుండ్ల లాంటి స్పష్టత అక్కడి నుంచే వస్తుంది.

తీగను ఎక్కడ మీటారన్నదీ లెక్కలోకి వస్తుంది. తీగ సరిగ్గా మధ్యలో మీటితే రెండు, నాలుగు, ఆరు వంటి సరిసంఖ్య అనుస్వరాలు దాదాపు మాయమై నాదం బోలుగా ఉంటుంది. గుర్రం వైపు జరిగేకొద్దీ పై అనుస్వరాలు పెరిగి నాదం కోతగా మారుతుంది. ఫ్లెమెంకో చేయి గుర్రం వైపే ఎక్కువగా ఉంటుంది. రాస్గేయాడో గోళ్లను అరగదీస్తుంది, చీలుస్తుంది కనుక వాద్యకారులు గోళ్ల మీద త్వరగా ఆరే జిగురు పూసి గట్టిపరుచుకుంటారు. కచేరీకి ముందు చాలామంది చేసే ఆఖరి పని అదే.

తీగల శ్రుతి మామూలు గిటార్‌దే. మంద్రం నుంచి తారానికి ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఆరో తీగ 82.4 హెర్ట్జ్, ఐదోది 110, మొదటిది 329.6. శ్రుతి చేసేవాళ్లు చాలామంది ఆరో తీగను ఐదో మెట్టు మీద, ఐదో తీగను ఏడో మెట్టు మీద తేలిగ్గా తాకి మీటి, వచ్చే అనుస్వరాలు రెండూ కలిసేలా సరిచేస్తారు. మొదటిది ఆరో తీగ నాలుగో అనుస్వరం, రెండోది ఐదో తీగ మూడో అనుస్వరం. స్వరాలు కాస్త తేడాగా ఉంటే ధ్వని హెచ్చుతూ తగ్గుతూ అలలుగా వినిపిస్తుంది. తేడా ఎన్ని హెర్ట్జ్ ఉంటే సెకనుకు అన్ని అలలు. ఇక్కడ చిన్న చిక్కుంది. గిటార్ మెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. ఆ లెక్కన ఆరో తీగ అనుస్వరం 329.63 హెర్ట్జ్, ఐదో తీగది 330. అంటే సరైన శ్రుతిలో సుమారు మూడు సెకన్లకు ఒక అల మిగలాలి. అల పూర్తిగా ఆగిపోయేదాకా బిగిస్తే ఆ జంట మధురంగానే ఉంటుంది కానీ, ఆరు తీగలకూ అలాగే చేస్తూ పోతే చివరికి కొన్ని స్వరాలు తేడా కొడతాయి.

ఫ్లెమెంకోలో స్వరాల అమరిక తెలుగు పాఠకుడికి కొంత పరిచితమే. ఈని షడ్జంగా పెట్టుకుని ఈ, ఎఫ్, జి, ఏ, బి, సి, డి వాయిస్తే అవి హనుమతోడి మేళకర్త స్వరాలు. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం అన్నీ అక్కడ ఉన్నాయి. అయితే వాక్యం వచ్చి ఆగే స్వరాల గుచ్ఛంలో (కార్డ్‌లో) అంతర గాంధారం పలుకుతుంది, అప్పుడది వకుళాభరణం స్వరాలకు మారుతుంది. రెండు గాంధారాలూ ఒకే పాటలో తిరుగుతుంటాయి. ఆగే ముందు గుచ్ఛాలు ఏ మైనర్, జి, ఎఫ్, ఈ అనే వరుసలో మెట్లు దిగినట్టు దిగుతాయి. రోమాల పూర్వీకులు భారతదేశం నుంచి వెళ్లారని వాళ్ల భాష చెబుతోంది కనుక ఈ పోలికను వారసత్వానికి రుజువుగా చూపేవాళ్లున్నారు. అది తొందరపాటు. మధ్యధరా తీరమంతటా ఇలాంటి స్వరవరుసలున్నాయి, పైగా స్వరాలు కలిసినంతమాత్రాన రాగం కలవదు.

ఈ సంగీతంలో రంగు నింపేవి తెరిచి వదిలిన తీగలు. తరంతా అనే పాటరీతిలో ఎఫ్ షార్ప్ గుచ్ఛం పట్టుకుని బి, ఈ తీగలను నొక్కకుండా మోగనిస్తారు. ఒక స్వరస్థానం దూరంలో ఉన్న స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని, గని కార్మికుల పాటకు తగిన మసక కమ్ముతుంది. గ్రనాయినా బి మీద, సొలెయా ఎక్కువగా ఈ మీద ఆగుతాయి. ప్రతి పాటరీతికీ తన పట్టు ఉంది, ఆ పట్టులో మోగే తెరిచిన తీగలున్నాయి. గాయకుడి గొంతు మాత్రం మనిషికో శ్రుతి. పట్టు మార్చితే రంగు పోతుంది, మార్చకపోతే గొంతు అందదు.

ఈ చిక్కు విప్పేది కేపో. మెడకు అడ్డంగా బిగించే ఆ బద్ద ఆరు తీగలనూ ఒకేసారి కురచ చేస్తుంది. గాయకుడు ‘రెండు మీద, మధ్యన’ అంటే కేపో రెండో మెట్టు మీద, చేయి ‘ఏ’ స్వరపు పట్టులో అని అర్థం. మోగేది బి. మన గాయకులు ‘ఒకటిన్నర శ్రుతి’ అని పక్కవాద్యాలకు చెప్పినట్టే ఇదీ. రెండో మెట్టు మీద కేపో పెడితే మోగే తీగ 650 నుంచి 579 మిల్లీమీటర్లకు, నాలుగో మెట్టు మీద 516కు తగ్గుతుంది. బిగువు దాదాపు మారదు, పొడవు తగ్గుతుంది. మెట్లు దగ్గరవుతాయి, నాదం మెరుస్తుంది, స్వరం ఇంకా త్వరగా ఆరుతుంది. అందుకే ఫ్లెమెంకో వాద్యకారులు గాయకుడు పక్కన లేనప్పుడు కూడా తరచు కేపో పెట్టుకునే వాయిస్తారు.

శ్రుతినే మార్చే పద్ధతికి మంచి ఉదాహరణ రొండేన్యా అనే పాటరీతి. దాన్ని గిటార్ ఏకవాద్యంగా మలిచి పేరు తెచ్చినవాడు రమోన్ మోంటోయా (1879–1949). ఆరో తీగను ఈ నుంచి డికి, అంటే 82.4 నుంచి 73.4 హెర్ట్జ్‌కు దింపుతారు. మూడో తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కు, 196 నుంచి 185కు దింపుతారు. తీగ పౌనఃపున్యం దాని బిగువుకు వర్గమూలం చొప్పున మారుతుంది. కనుక ఆరో తీగ బిగువు దాదాపు 21 శాతం, మూడో తీగది 11 శాతం తగ్గుతాయి. వదులైన ఆరో తీగ విశాలంగా ఊగుతుంది, దాని లోతైన గరగర రొండేన్యా గొంతులో భాగం.

ఇక మూడో తీగ. ఎఫ్ షార్ప్ డికి అంతర గాంధారం. తంబురా చక్కగా శ్రుతి కలిసినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం షడ్జానికి ఐదో అనుస్వరం. డికి దింపిన ఆరో తీగలోనూ అదే అనుస్వరం 367 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. సమాన విభజన లెక్కన శ్రుతి చేసిన మూడో తీగ రెండో అనుస్వరం 370 దగ్గర పడుతుంది. రెండింటి మధ్య సెకనుకు దాదాపు మూడు అలలు. చెవి ఉన్నవాడు మూడో తీగను ఇంకొంచెం దించితే ఆ అలలు నెమ్మదించి, పెట్టె అంతా ఒక్క కంఠంతో మోగుతుంది. అయితే అదే తీగను పై మెట్ల మీద నొక్కితే స్వరం తక్కువ పలుకుతుంది. యంత్రం చూసి శ్రుతి చేసేవాళ్లకు ఈ బేరం తెలియదు. ఎంత దించాలో వాయించబోయే స్వరాలను బట్టి చెవే తేల్చాలి.

మూడో తీగ మామూలు శ్రుతిలోనూ మొండిదే. రెండో ప్రపంచయుద్ధం దాకా పై మూడు తీగలు జంతువుల పేగుతో, కింది మూడు పట్టు దారాలకు లోహపు తీగ చుట్టి చేసేవారు. యుద్ధంలో పేగు శస్త్రచికిత్స కుట్లకు మళ్లింది. 1940ల చివర న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తెచ్చాడు. అవి త్వరగా తెగవు, చెమటకు పాడవవు. కానీ నైలాన్ తేలిక కనుక మూడో తీగను లావుగా చేయాలి. లావు తీగ బిరుసుగా ఉండి మొద్దుగా పలుకుతుంది, మెట్టు మీద శ్రుతి తప్పుతుంది. నైలాన్ కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు సాంద్రమైన ఫ్లోరోకార్బన్‌తో, వాడుకలో కార్బన్ తీగతో, ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. కొత్త తీగలు కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. కచేరీలో పాటకు పాటకు మధ్యే కాదు, తాళం నడుస్తుండగానే ఎడమ చేయి బిరడా మీదికి వెళ్లి వస్తుంది.

చాలా పాటరీతుల్లో ఆ తాళం పన్నెండు దెబ్బల ఆవర్తం. సొలెయా, బులేరియాస్ రీతుల్లో 3, 6, 8, 10, 12 దెబ్బలకు ఊనిక పడుతుంది. గిటార్ నాదం నిలవకుండా ఆరిపోవడం వల్లే ఈ ఊనికలు కత్తిరించినట్టు వినిపిస్తాయి.

పక్కవాద్యం నుంచి ఏకవాద్యానికి దారి వేసినవాడు మోంటోయానే. గాయకుడు ఆంటోనియో చకోన్ పక్కన ఏళ్ల తరబడి వాయించి, 1936లో పారిస్‌లో ఒంటరి గిటార్ రికార్డులు ఇచ్చాడు. సెవిల్‌లో నీన్యో రికార్డో (1904–1972) తర్వాతి తరానికి గురువయ్యాడు. మోరోన్‌లో దియేగో దెల్ గస్తోర్ ఊరు దాటకుండా, తక్కువ స్వరాలతో, బొటనవేలి బరువుతో వాయించాడు. సబీకాస్ 1912లో పాంప్లోనాలో పుట్టి, స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో దేశం విడిచి, చివరికి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. అతని పికాడోలో ప్రతి స్వరం విడిగా మెరుస్తుంది. అల్హెసీరాస్‌లో 1947లో పుట్టిన పాకో దె లూసియా కుర్రవాడిగా అమెరికా వెళ్లి రికార్డో బాణీలు వాయిస్తే, సొంత సంగీతం చేసుకోమని సబీకాస్ చెప్పాడు. ఆ మాట ఫ్లెమెంకో చరిత్రను మార్చింది.

పాకో 1970లలో గాయకుడు కమరోన్ దె ల ఇస్లా పక్కన కూర్చుని పక్కవాద్యానికి కొత్త ఎత్తు చూపాడు. అదే దశకంలో పెరూ నుంచి కహోన్ అనే చెక్క పెట్టె వాద్యాన్ని తెచ్చి ఫ్లెమెంకోలో కలిపాడు. 1980 డిసెంబరు 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో గిటార్ వాద్యకారులు అల్ డి మియోలా, జాన్ మెక్‌లాఫ్లిన్‌లతో కలిసి వాయించిన కచేరీ ఫ్లెమెంకో తెలియనివాళ్ల ఇళ్లకూ చేరింది. ఆ మెక్‌లాఫ్లినే తర్వాత పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తో వేదిక పంచుకున్నాడు.

పెద్ద హాళ్లు, మైకులు వచ్చాక గిటార్ పని మారింది. గొంతునూ పాదాలనూ దాటి వినపడాల్సిన అవసరం తగ్గింది, ఏకవాద్యంలో స్వరం నిలవాల్సిన అవసరం పెరిగింది. తీగలు తక్కువ ఎత్తులోనే ఉంచి, పక్కలకూ వెనుకకూ రోజ్‌వుడ్ వాడిన ‘నల్ల’ ఫ్లెమెంకో గిటార్లు వేదికల మీద స్థిరపడ్డాయి. పాటకు తోడుండేవాళ్లు మాత్రం ‘తెల్ల’ సైప్రస్ గిటార్‌నే ఇష్టపడతారు, ఆ ఇష్టం సబబే. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లో నిషేధించారు. అప్పటి నుంచి నల్ల గిటార్లలో ఎక్కువగా కనిపించేది భారతీయ రోజ్‌వుడ్, మన అడవుల్లోనూ పెరిగే ఇరుగుడు చెట్టు కలప.